చెవిలోని నకలు

వారిజ కీబోర్డు మీద ఒకే ఒక్క వాక్యం కొట్టి, కుర్చీ వెనక్కి జరుపుకుని, "ఇప్పుడు చూడండి" అంది.

గోడనిండా ఉన్న తెర మీద నాలుగు గదులు కనిపిస్తున్నాయి. మొదటిదాంట్లో, టేపుల బీరువాల మధ్య వేలాడుతున్న ఇనపచెయ్యి ఒకటి కదిలి, ఒక పాత టేపును తీసి చెరిపే యంత్రంలో పెట్టింది. రెండోది బెంగుళూరులో అద్దెకు తీసుకున్న కంప్యూటర్ల గది. అక్కడ పచ్చదీపాలు కొన్ని పసుపురంగుకు మారి ఆరిపోయాయి. మూడో గదిలో గాజుపలకల వరసలోంచి ఒకటి పక్కకి జరిగి, పొడై డబ్బాలో పడింది. నాలుగోది చలిగది. అక్కడ సమాచారాన్ని డీఎన్ఏ పోగుల్లో రాసి చిన్న చిన్న సీసాల్లో దాస్తారు. ఒక సీసాలోకి సూది దిగి చుక్క మందు వదిలింది. అంతే, అందులో మిగిలింది ఉత్త నీళ్లు.

"ఆ ఫైలుకి ఇప్పుడు ఎక్కడా నకలు లేదు," అంది వారిజ.

హాల్లో చప్పట్లు మోగాయి. కర్ణిక కంపెనీ విశాఖపట్నంలో చెవిటివాళ్ల కోసం చెవిలో అమర్చే పరికరాలు తయారుచేస్తుంది. దశాబ్దాలుగా పోగుపడ్డ రికార్డులు తలో చోటా ఉన్నాయి. ఒక నిల్వ భాష ఇంకో నిల్వకి తెలియదు. ఉంచాల్సింది ఒకచోట పోయేది, పారెయ్యాల్సింది ఇంకోచోట దొరికేది. రోగుల సొంత వివరాలు గడువు దాటినా ఉంచుకున్నందుకు కంపెనీ ఒకసారి కోర్టు మెట్లు కూడా ఎక్కాల్సొచ్చింది. అందుకే వారిజ బృందం 'ఏకసూత్రం' తయారుచేసింది. అది రికార్డుల్ని ఒకచోటికి తేదు. ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. ఎంతకాలం ఉంచాలి, ఎప్పుడు తీసెయ్యాలి అన్న మాట మాత్రం ఒక్కచోట చెబితే చాలు, అన్ని నిల్వలూ ఒకేసారి వింటాయి.

డైరెక్టర్ ఫణిభూషణం ముందువరసలోంచి అడిగాడు. "మనం చెప్పడం మర్చిపోయిన చోటేదైనా ఉంటేనో?"

"అదే వెతుక్కుంటుంది సార్. కంపెనీ రికార్డు ముక్క కనబడితే చాలు, ఆ చోటుని కూడా నిల్వగా లెక్కేసుకుంటుంది. మనం గుర్తుచెయ్యక్కర్లేదు."

ఈ మాటకి ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఫణిభూషణం అయితే లేచి నిలబడి కొట్టాడు.

ఆ సాయంత్రం వారిజ ఇంటికి వెళ్లేసరికి భర్త పైడిరాజు వంటింట్లో కోనెం చేప ముక్కలకి కారం పట్టిస్తున్నాడు. కూతురు మేదిని బల్ల మీద కాళ్లు పెట్టుకుని డిగ్రీ పుస్తకం చదువుతోంది.

"బాగా జరిగినాదా?" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. వచ్చింది ఆమేనని చెప్పుల చప్పుడు బట్టే అతనికి తెలిసిపోయింది.

పైడిరాజు ఓడరేవులో క్రేను నడుపుతాడు. ఇరవయ్యేళ్లు దాటీదాటకముందే మెదడువాపు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. కర్ణిక రెండోతరం పరికరం మొట్టమొదట పెట్టించుకున్నవాళ్లలో అతనొకడు. పరికరంలో ఒక ముక్క ఎముక లోపల ఉంటుంది, ఇంకోటి చెవి వెనక అయస్కాంతంతో అంటుకుని ఉంటుంది. పెట్టిన కొత్తలో ఎవరు మాట్లాడినా రేకు మీద వాన పడ్డట్టే ఉంటుంది. రోజూ వింటూ, సరిదిద్దుకుంటూ పోతే ఆ మనిషి చెవి నరానికి తగినట్టుగా ఒక అమరిక తయారవుతుంది. దాన్ని కంపెనీవాళ్లు శబ్దపటం అంటారు. ఎవరి శబ్దపటం వాళ్లదే. ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. పైడిరాజు శబ్దపటాన్ని నెలనెలా కొలిచి భద్రపరిచే పనిలో, అప్పుడే ఉద్యోగంలో చేరిన వారిజ ఉండేది. ఆ కొలతలు పూర్తయ్యేసరికి ఇద్దరూ పెళ్లి మాటలదాకా వచ్చారు.

"అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు," అంది వారిజ.

"అయితే ఒక ముక్క ఎక్కువేత్తానుండు," అన్నాడు పైడిరాజు.

కంపెనీ రెండోతరం పరికరాల తయారీ పూర్తిగా మానేసి చాలాకాలమైంది. తర్వాత కొద్దిరోజులకి వాటి రికార్డుల గడువు తీరింది. ముగ్గురు అధికారులు సంతకాలు పెట్టారు. నాశన ఉత్తర్వు ఏకసూత్రానికి అందింది. వారిజకి అందులో తప్పేమీ కనబడలేదు. కొత్త రకం పరికరాలకి మారిన రోగుల పాత వివరాలే పోతాయనుకుంది. పోవలసినవే.

మర్నాడు ఉదయం ఆఫీసులో ఆమె కాఫీ కలుపుకుంటుంటే డాక్టర్ జుబేదా తలుపు తోసుకుని వచ్చింది. ఆమె వినికిడి విభాగంలో పెద్ద డాక్టరు. ఎప్పుడూ తొందరపడని మనిషి, ఇవాళ ఆయాసపడుతోంది.

"వారిజా, పాలకొండ నుంచి సన్యాసమ్మగారని ఒకావిడ ఫోన్ చేసింది. ఆవిడ మాట్లాడుతోంది గానీ నేను చెప్పేది వినబడటం లేదు. అన్నీ ఈదురుగాలిలా ఉన్నాయట. పరికరం పాడైందేమో అనుకున్నాను. ఇంతలో బొబ్బిలి నుంచి ఒకరు, రాజాం నుంచి ఇద్దరు. అందరూ రెండోతరం వాళ్లే."

"వాళ్ల శబ్దపటాలు మళ్లీ ఎక్కించి చూడకపోయారా?"

"ఎక్కడుంది ఎక్కించడానికి? ఏ నిల్వలో చూసినా ఖాళీగా ఉంది."

వారిజ కప్పు పక్కన పెట్టి ఏకసూత్రం తెరిచింది. నిల్వల పట్టికలో టేపులు, అద్దె కంప్యూటర్లు, గాజుపలకలు, చలిగది ఉన్నాయి. వాటి కింద ఆమె ఎన్నడూ రాయని ఒక వరస ఉంది. 'ధారక పరికరాలు.'

ఒక్క క్షణం అర్థం కాలేదు. మనుషులు ధరించిన పరికరాలని తర్వాత వెలిగింది. రెండోతరం పరికరాలు ఇంకా నాలుగువేల మంది చెవుల్లో పనిచేస్తున్నాయి. అవి ఫోను ద్వారా అప్పుడప్పుడు కంపెనీతో మాట్లాడతాయి. ఏకసూత్రం ఆ దారి పట్టుకుని చెవుల్లోకి వెళ్లింది. అక్కడ శబ్దపటాలు కనబడ్డాయి. అవి అచ్చం కంపెనీ భద్రపరిచిన రికార్డుల్లాగే ఉన్నాయి కాబట్టి చెవి కూడా ఒక నిల్వే అనుకుంది. గడువు తీరిన రెండోతరం రికార్డు ఎవరిదైనా, ఎక్కడున్నా తీసెయ్యమని ఉత్తర్వు. కాబట్టి తీసేస్తోంది. గుంపులు గుంపులుగా, పెట్టించుకున్న తేదీల వరసన, మొట్టమొదటివాళ్ల నుంచి.

"మొట్టమొదటివాళ్లు," అంది వారిజ పైకే. పూర్తయిన వాళ్ల పేర్లలోకి దిగింది. అరవై మందికి పైనే ఉన్నారు. వాళ్లలో కర్రి పైడిరాజు ఉన్నాడు.

ఆ వేళకి అతను క్రేను మీద ఉంటాడు.

ఓడరేవు గేటు దగ్గర ఆమె కారు సరిగ్గా ఆపిందో లేదో కూడా గుర్తులేదు. క్రేను కింద నలుగురైదుగురు గుమిగూడి ఉన్నారు. వాళ్ల మధ్య పైడిరాజు హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని చెక్కపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద గాయమేమీ లేదు.

"పైన కంటైనరు ఏలాడతంది," అన్నాడు ఆమెని చూడగానే. తన గొంతు తనకి వినబడక గట్టిగా అరిచినట్టు మాట్లాడుతున్నాడు. "వైర్లెస్సులో కిందోడు ఏదో అంటన్నాడు. ఒక్కసారిగా అంతా గోలైపోనాది. మాట నేదు, ఏటీ నేదు. ఇంక కళ్లతో సూసుకుంటా మెల్లిగా దింపీసినాను. కింద ఎవుళూ నేరు కదా అని మూడుసార్లు సూసుకున్నాను వారిజా."

ఆమె అతని చేతులు పట్టుకుంది. ఫోను తీసి, జరిగింది పెద్ద అక్షరాల్లో కొట్టి చూపించింది. నేను చేసిన యంత్రమే, అని కూడా రాసింది. అతను చదివాడు. మళ్లీ చదివాడు.

"మిగతావోళ్లో?" అన్నాడు.

అప్పుడు గాని ఆమె బుర్ర పనిచెయ్యలేదు. నాలుగువేల మందిలో ఒకరు బండి నడుపుతుంటారు, ఒకరు రైలుపట్టాలు దాటుతుంటారు. మధ్యాహ్నానికి ఇంకో గుంపు. ఫణిభూషణానికి ఫోన్ చేసింది.

"ఆపెయ్యి మరి!" అన్నాడాయన.

"నేను ఆపలేను సార్. సంతకాలు పెట్టిన ముగ్గురూ కలిసి రద్దు చెయ్యాలి. ఒక్క మనిషి ఆపేలా ఉంటే రేపు ఎవరైనా తమకి కావలసిన కాగితం దాచుకుంటారని మీరే అన్నారు."

"ఒకాయన విమానంలో ఉన్నాడు. దిగేసరికి రాత్రవుతుంది. చెవుల్లోకి వెళ్లే ఆ లైను తెంపెయ్యలేమా?"

"ఉత్తర్వు ఆ పరికరాలకి ఎప్పుడో చేరిపోయింది సార్. గుంపు వంతు రాగానే వాటంతటవే చెరుపుకుంటాయి. ఉత్తర్వు నిలిచిపోయిందన్న కబురు లోపలికి వెళ్లాలంటే ఆ లైను ఉండాలి. తెంపితే ఆ దారీ పోతుంది."

వారిజ ఫోను పెట్టేసి పైడిరాజు పక్కన నేల మీద కూర్చుంది. ఏకసూత్రాన్ని ఆపగలిగేది ఒక్కటే ఉంది, అది ఆమె చేత్తో రాసిందే. తనకి సంబంధించిన ఏ రికార్డు మీదైనా రోగి ఫిర్యాదు చేస్తే, అది తేలేదాకా దాన్ని ముట్టుకోకూడదు. దానికి నిలుపుదల అని పేరు. కానీ పైడిరాజు ఫిర్యాదు చేస్తే ఆగేది పైడిరాజు రికార్డు మీద పని. అది ఎప్పుడో అయిపోయింది. నాలుగువేల మందినీ పేరుపేరునా పట్టుకుని ఫిర్యాదు చేయించే వ్యవధి లేదు.

అతను ఆమె మొహం కేసి చూస్తున్నాడు. "ఆ ఆర్డరు ఎక్కడుంది? ఎవుళి దగ్గరైనా కాగితం ఉంటాది కదా. సింపీవచ్చు కదేటి," అన్నాడు.

ఊరికే అన్నాడు. కానీ వారిజ లేచి నిలబడింది. ఉత్తర్వు కూడా కాగితమే. ఏకసూత్రం దాన్నీ ఒక రికార్డుగానే దాచుకుంది. దానికీ నిల్వలున్నాయి, గడువుంది. దాని మీద వివాదం లేవదీస్తే దాన్ని కూడా ముట్టుకోకూడదు. ముట్టుకోకూడని ఉత్తర్వుని అమలు ఎలా చేస్తుంది?

కంపెనీ ఫిర్యాదుల పేజీ తెరిచి ఫోను అతని చేతికిచ్చింది. ఆమె కంపెనీ ఉద్యోగి కాబట్టి ఆమె చేస్తే చెల్లదు. రోగే చెయ్యాలి. ఉత్తర్వు సంఖ్య ఆమె కొట్టింది. కారణం అన్న గడిలో ఏం రాయాలో చెప్పబోయింది గానీ అతను అప్పటికే ఒక్కో అక్షరం ఏరుకుంటూ రాస్తున్నాడు. 'నా చెవి మీ బీరువా కాదు. ఈ ఉత్తర్వు తప్పు. ఆపండి.'

పంపించాడు. వారిజ తన ఫోనులో ఏకసూత్రం వైపు చూస్తూ నిలబడింది. నాశనం అవుతున్నట్టు చూపించే ఎర్రగీత కదులుతూనే ఉంది. ఇంకొంచెం కదిలింది. ఆగింది. దాని కింద మాట మారింది: 'నిలుపుదలలో ఉంది.' ఒకదాని తర్వాత ఒకటి టేపులు, అద్దె కంప్యూటర్లు, గాజుపలకలు, చలిగది, చిట్టచివర ధారక పరికరాలు. అన్నీ ఆగాయి.

ఆమె ఏడ్చేసింది. పైడిరాజుకి ఆ ఏడుపు వినబడలేదు గానీ భుజం మీద చెయ్యేసి, "ఆగిపోనాదా?" అని అరిచాడు. అవునని తలూపింది. చుట్టూ ఉన్న రేవు కూలీలకి ఏం ఆగిందో తెలియకపోయినా ఒకాయన "హమ్మయ్య" అన్నాడు.

మిగిలినవాళ్లు దక్కారు. వినికిడి పోయిన ఆ అరవై మంది సంగతే తేలలేదు.

ఫణిభూషణం వాళ్లందరికీ కొత్త పరికరాలు ఉచితంగా పెడతామన్నాడు. అది మంచి మాటే. కానీ కొత్తది పెట్టినా మాట స్పష్టంగా వినబడటానికి మళ్లీ ఏళ్లు పడుతుంది. పాలకొండ సన్యాసమ్మ వయసు డెబ్బై దాటింది. పైడిరాజుని క్రేను మీదకి ఎక్కనివ్వడం లేదు. ఇంట్లో అతను టీవీ కింద అక్షరాలు చదువుకుంటూ కూర్చునేవాడు. మేదిని చెప్పాల్సినవన్నీ పలక మీద రాసేది. రాసి రాసి విసుగొచ్చి, ఒకరోజు కూరలో ఉప్పు లేదన్న సంగతి చెప్పకుండానే తిని లేచింది. అది చూసి వారిజ తన కంచం పక్కకి నెట్టింది.

మర్నాడు జుబేదా దగ్గరికి వెళ్లి కూర్చుంది. "నకలు ఇంకెక్కడా లేదా డాక్టర్? ఏకసూత్రం వెళ్లలేని చోటు?"

జుబేదా పెన్ను పక్కన పెట్టింది. "ఒకచోట ఉండొచ్చు. నరంలో. ఇన్నేళ్లు శబ్దపటం నరానికి తగ్గట్టు మారింది, నరమూ దానికి తగ్గట్టు మారింది. అరిగిన చెప్పు చూస్తే పాదం ఎలా ఉంటుందో తెలిసిపోతుంది చూడు, అలాగ. తెలిసిన శబ్దాలు వినిపిస్తూ నరం ఎలా స్పందిస్తుందో కొలిస్తే, పటాన్ని వెనక్కి లెక్కగట్టొచ్చేమో. ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. ఇంకో మాట. లెక్క తప్పి తప్పుడు పటం ఎక్కిస్తే, నరం దానికి అలవాటుపడిపోతుంది. పాత గుర్తు చెరిగిపోతుంది. మళ్లీ ప్రయత్నించడానికి ఉండదు."

ఇంటికొచ్చి ఇదంతా పైడిరాజుకి రాసి చూపించింది. ముందుగా ఎవరో ఒకరు ఒప్పుకోవాలి అని కూడా రాసింది.

"సన్యాసమ్మగారి మీద సేసి సూత్తారేటి? పెద్దావిడ. నేనే కూచుంటాను," అన్నాడు.

"పోతే పూర్తిగా పోతుంది రాజూ," అంది వారిజ, రాయడం మర్చిపోయి. ఆమె పెదాల కదలిక చూసి అర్థం చేసుకున్నాడు.

"తెల్సు," అన్నాడు.

పరీక్షగదిలో పైడిరాజుని వాలుకుర్చీలో కూర్చోబెట్టి తల కదలకుండా పట్టీలు కట్టారు. మొదట రేవు శబ్దాలు వినిపించారు. సైరను, గొలుసుల రాపిడి, ఇంజను. అతనికి అవన్నీ ఒకటే గోల. తెర మీద మాత్రం నరం గీతలు గీస్తోంది. తర్వాత ఇంట్లో కుక్కరు ఈల. తర్వాత మనుషులు.

మేదిని మైకు ముందు కూర్చుని మొదట పుస్తకం చదవబోయింది. జుబేదా వద్దంది. "నువ్వు ఇంట్లో మీ నాన్నతో ఎలా మాట్లాడతావో అలాగే మాట్లాడు."

అంతే, ఆ పిల్ల అందుకుంది. "నాన్నా, నా ఛార్జరు తీసుకుపోయింది నువ్వే, అమ్మ మీద చెప్పకు. ఇంకోసారి నా స్నేహితుల ముందు చిట్టీ అని పిలిచావంటే నేను పలకను..." అంటూ మొదలుపెట్టి ఆపకుండా తిట్టింది. తెర మీద గీతలు ఒక్కసారి ఎత్తుగా లేచాయి. జుబేదా కళ్లజోడు సవరించుకుని ముందుకి వంగింది.

వారిజ వంతు వచ్చింది. మైకు ముందు కూర్చుంది. మూసుకున్న అతని కళ్లకేసి చూసింది. "చేపలు తెస్తానని చెప్పి ప్రతిసారీ అరకిలో ఎక్కువే తెస్తావు. ఫ్రిజ్‌లో పెట్టడానికి చోటుండదు. చెబితే నవ్వుతావు. ఆ నవ్వు చూసి ఊరుకుంటాననుకుంటావు..." అంది. తర్వాత ఏమందో ఆమెకే తెలియదు. చాలాసేపే మాట్లాడింది. జుబేదా చాలని చెయ్యెత్తాక గానీ ఆపలేదు.

లెక్క తేలడానికి రెండురోజులు పట్టింది. మూడోరోజు పటం ఎక్కించారు. చెవి వెనక ముక్క తగిలించి జుబేదా బొత్తాం నొక్కింది. పైడిరాజు నుదురు చిట్లించాడు. అటూ ఇటూ చూశాడు. పైకి చూశాడు. లెక్క తప్పింది, అనుకుంది వారిజ.

"ఆ ఏసీ ఏటలా గురగురలాడతంది? బేరింగు పోనాదేమో సూపించండి," అన్నాడతను, మామూలు గొంతుతో.

మేదిని కేక పెట్టింది. "అబ్బా, సెవి పగిలిపోద్ది, మెల్లిగా అరవే!" అన్నాడు. జుబేదా అంతటి మనిషి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

ఆ నెలలోనే ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. అందరికీ పైడిరాజుకి కుదిరినంత చక్కగా కుదరలేదు. ఇద్దరికి ఆడవాళ్ల గొంతులు ఇప్పటికీ సరిగ్గా అందవు. ఒకాయనకి పాట పాటలా వినబడదు. సన్యాసమ్మకి మాత్రం అన్నీ వచ్చేశాయి. ఆవిడ ఊరికి బస్సెక్కేముందు వారిజని పట్టుకుని, "నా మనవరాలు ఫోన్లో ఏటన్నాదో తెలుసునా?" అంటూ మొదలుపెట్టి, బస్సు కదిలేదాకా చెబుతూనే ఉంది.

కంపెనీలో మాత్రం శబ్దపటం ఎవరిదన్న గొడవ తేలాల్సి ఉంది. సమావేశంలో ఫణిభూషణం ముందు మెత్తగానే చెప్పాడు. "శబ్దపటం మన పరిశోధనలోంచి పుట్టింది వారిజా. అది కంపెనీ ఆస్తే. చెరపకుండా జాగ్రత్తపడదాం. అంతేగానీ మనది కాదని రాసిస్తే ఎలా?"

"మన దగ్గరున్న నకలు మనది సార్. దాన్ని ఉంచుదాం, గడువు తీరితే తీసేద్దాం. మనిషి లోపల ఉన్నది రికార్డు కాదు. అది ఆ మనిషి వినికిడి."

"నీ భర్త విషయం కాబట్టి..."

"అవును సార్. నా భర్త విషయమే. నాలుగువేలమందిలో ప్రతివాడూ ఎవరో ఒకరి విషయమే."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. బయట ఆ అరవై మంది కుటుంబాలు గేటు లోపల చెట్ల నీడన కూర్చుని ఉన్నాయి. వాళ్లని చూసి బల్ల దగ్గరికి తిరిగొచ్చాడు. ఆయన మొండి మనిషే గానీ దుర్మార్గుడు కాదు. కలం తీసి మొదటి సంతకం ఆయనే పెట్టాడు. ఉత్తర్వు మీద సంతకం చేసిన మిగతా ఇద్దరూ పెట్టారు. మనిషి శరీరంలో ఉన్నదేదీ ఇకమీదట నిల్వ కింద లెక్కకు రాదన్న ఆ నియమం ఏకసూత్రంలో చేరింది. పాత ఉత్తర్వు రద్దయి, పైడిరాజు ఫిర్యాదు అప్పుడు ముగిసింది. వారిజ చాలారోజుల తర్వాత ఆ రాత్రి కలలు లేకుండా నిద్రపోయింది.

తర్వాతి ఆదివారం పైడిరాజు అక్క పిల్లలంతా భీమిలి నుంచి దిగారు. ఇల్లంతా సంత. ఒకడు గిన్నెలు మోగిస్తున్నాడు, ఇద్దరు టీవీ కోసం కొట్టుకుంటున్నారు, వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. వారిజ రొయ్యలు వేయిస్తూ తొంగిచూసేసరికి, పైడిరాజు హాల్లో చాప మీద పడుకుని, చెవి వెనక ముక్కని తనంతట తనే తీసి అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకుంటున్నాడు.

మేదిని కంగారుగా తల్లి దగ్గరికొచ్చింది. "అమ్మా, నాన్న అది తీసేశాడు. మళ్లీ ఏమైనా..."

"ఏం కాలేదు," అంది వారిజ. "గోలెక్కువైంది, తీసుకున్నాడు. లేచాక పెట్టుకుంటాడు. పడుకోనియ్యి."

అక్క పిల్లలు అతన్ని దాటుకుంటూ అటూ ఇటూ పరిగెడుతున్నారు. పైడిరాజు గుర్రు పెడుతూ నిద్రపోతున్నాడు.